ఒళ్ళెరుగుటను కొలుచు కుంచము



నేటి నా ప్రసంగమునకు విషయము నొప్పి. నొప్పిని గూర్చి మీకు క్రొత్తగా చెప్పవలసిన దేమున్నది? అరువదియేండ్లు దాటిన ప్రతివారును ఆ శాస్త్రమున పండితులే. మోకాలు, నడుము, మెడ, భుజము, వీనిలో నొకటియైనను రాత్రివేళ పలుకరింపని యిల్లు మా యిబ్రహీంపట్నములో నేనెరుగను. అయితే నేను చెప్పబోవునది నొప్పికి మందు కాదు. నొప్పి గలవారు తమ శరీరమును తామెట్లు గమనించుకొనుచున్నారో ప్రశ్నలడిగి కొలువవచ్చునా, కొలిచినచో ఆ కొలత మన తెలుగులో నిలుచునా అనునది నా మాట. వినుటకిది పట్టణపు చదువువలె తోచును. కాని యిట్టి ప్రశ్నపత్రములు చేతబట్టుకొని పడుచువారు మీ యరుగుల మీదికి వచ్చు దినములు వచ్చినవి గనుక, వారికంటె ముందుగా నేను వచ్చుట మేలని తలచితిని.

నేను బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మా యిల్లు సాగరు రోడ్డునకు లోపలివైపున, కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు గాలి తగులు చోట నున్నది. మా చెల్లెలి మనుమరాలు హైదరాబాదులో ఫిజియోథెరపీ చదివినది. కదలికలచేతను కసరత్తులచేతను నడుమును మోకాళ్లను దారికి తెచ్చు విద్య యది. ఒకనాడామె యింగ్లీషు కాగితములు కొన్ని తెచ్చి, "తాతా, ఇవి 37 ప్రశ్నలు. మన ఊరోళ్లకు తెలిసే తెలుగుల రాసిపెట్టు" అనెను. ముప్పదియేడు వాక్యములు! జీవితమంతయు పిల్లలకు అనువాదము నేర్పినవాడను గదా, మధ్యాహ్న భోజనమునకు లోపలనే ముగింతు ననుకొంటిని. ఆ పని నేటికిని ముగియలేదు. ఎందుకు ముగియలేదో మీకు విన్నవింతును.

మొదట ఆ కాగితముల కథ వినుడు. కన్ను, చెవి మొదలగునవి మనకు వెలుపలి ప్రపంచమును తెలుపును. ఆకలి, దప్పి, గుండెదడ, ఊపిరి బిగియుట, కండరము పట్టుట, ఇవి లోపలినుండి వచ్చు వార్తలు. ఈ లోపలి వార్తలకు ప్రత్యేకమైన పేరు పెట్టినవాడు ఇంగ్లండు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు చార్లెస్ షెరింగ్టన్. అది 1906వ సంవత్సరపు మాట. ఆ వార్తలను మనుష్యుడెట్లు వినుచున్నాడో అతనినే యడిగి తెలిసికొనుటకై, అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కో నగరమందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున వుల్ఫ్ మెహ్లింగను వైద్యుడును ఆయన తోడివారును 2012లో 32 ప్రశ్నల పత్రమొకటి ప్రకటించిరి. దానిని పొట్టిపేరున 'మైయా' యందురు. అందు ఎనిమిది భాగములు. శరీరములో జరుగునది గుర్తించుట, నొప్పి వచ్చినపుడు దానినుండి మొగము త్రిప్పుకొనకుండుట, దానికి బెదరకుండుట, మనస్సును శరీరముపై నిలుపగలుగుట, కోపమును భయమును ఒంటిలో నెచ్చట తగులునో యెరుగుట, ఊపిరి మొదలగువానిచే తన్ను తాను చల్లార్చుకొనుట, శరీరము చెప్పుమాట వినుట, శరీరమును నమ్ముట. ప్రతి ప్రశ్నకును సున్న మొదలు 5 వరకు జవాబు. సున్న యనగా ఎన్నడును లేదని, 5 అనగా ఎల్లప్పుడు నని అర్థము.

ఈ పత్రమును మొదట పరీక్షించినది యోగము మొదలైన అభ్యాసములలో నలిగిన 325 మంది మీద. మీరు వెంటనే యడుగుదురు: పహిల్వాను కొలతకు కుట్టిన అంగీ మా కెట్లు సరిపడును? వారును తమ్ముతా మట్లే యడుగుకొనిరి. 2013లో, నడుమునొప్పి పడినవారును పడుచున్నవారును అగు సామాన్య రోగులకు దీనినే యిచ్చి చూచిరి. 2018లో మరికొన్ని ప్రశ్నలు చేర్చి, లండను నగరపు సైన్సు మ్యూజియమును చూడవచ్చిన 1,090 మందిచే జవాబులు వ్రాయించి, తుదకు 37 ప్రశ్నలు నిలిపిరి. ఆ చేర్చినవన్నియు రెండు భాగములకే చేరినవి. మొగము త్రిప్పుకొనకుండుట యొకటి, బెదరకుండుట యొకటి. నొప్పి గలవారికి మిక్కిలి ముఖ్యమైన ఆ రెండే మొదటి పత్రములో వదులుగా నుండెనన్న మాట. దీనిని గుర్తుంచుకొనుడు, మరల దీనికి వత్తును.

ఒళ్ళు గమనించుకొనుటను గూడ కొలువవలెనా యని కొందరు నవ్వవచ్చును. చిరకాలపు నొప్పి చేయు చిత్రమైన పనియొకటి చెప్పెదను. ఆస్ట్రేలియా దేశీయుడగు లోరిమర్ మోస్లీ, ఏండ్ల తరబడి నడుమునొప్పితో బాధపడు కొందరిని, "మీ వీపు మీకు లోపలినుండి ఎట్లు తోచుచున్నదో అట్లే గీయుడు" అని యడిగెను. నొప్పి గల చోటికి వచ్చుసరికి గీత తెగిపోయినది. ఆ భాగము తమకు దొరకుటలేదని వారనిరి. 2008లో ఆయన దీనిని ప్రకటించెను. అటు తరువాత 2014లో ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ ఊరిపేరిట వీపును గూర్చి 9 ప్రశ్నల పత్రము వెలువడినది. నీ వీపు నీది కానట్లు తోచునా? అది ఉబ్బినట్లుగాని కుంచించుకొనిపోయినట్లుగాని యుండునా? ఇట్టివి ఆ ప్రశ్నలు. పొలము గట్టు చెరిగిపోయినచో హద్దు తెలియనట్లు, నొప్పి చేత ఒంటిలోని హద్దులు చెరుగు నన్నమాట.

మరియు నొప్పి యొక్కటే యైనను మనుష్యు లొక్కటి కారు. ఒకడు నొప్పి నెరుగడు. ఒకడు నొప్పి తప్ప మరేమియు నెరుగడు. మొదటివానికి ఆగుట నేర్పవలెను. రెండవవానికి భయము తీర్చి మెల్లమెల్లగా కదలుట నేర్పవలెను. వీనికి చెప్పవలసినది వానికి చెప్పినచో ఇరువురికిని కీడే. కావున ఎవడెవడో తెలియవలెను. అందుకే ప్రశ్నలు.

ఇక నా చిక్కులు వినుడు. శరీరము నెరిగియుండుట యను నర్థమున నేను వ్రాసిన మొదటి వాక్యము, "నాకు నా ఒళ్ళు తెలియుచుండును" అని. చూచుటకు చక్కగానే యున్నది. మా వాకిటి వేపచెట్టు క్రింద ఇరుగుపొరుగు వారు నలుగురు కూర్చుండగా దానిని చదివి వినిపించితిని. పదియేండ్ల ప్రాయమునుండి చేలలో పనిచేసిన అవ్వ యొకతె వెంటనే లేచి, "ఏంది సారూ, నేనేమన్న కల్లు తాగి తిరుగుతున్ననా, ఒళ్లు తెల్వకుండ ఉంటానికి?" అనెను. నాకు మొగము చెల్లలేదు. నిజమే గదా! తెలుగున ఒళ్ళు తెలియుట యనగా మర్యాద యెరిగి నడచుకొనుట. ఒళ్ళు దగ్గర పెట్టుకొని మాటలాడుమని కోపములో నందుము. మన పూర్వులు ఒళ్ళను మాటలో పరువంతయు దాచిపెట్టినారు. అది మన భాషకు సొంపే, కాని ప్రశ్నపత్రమునకు విషము. ఆ ప్రశ్నకు "ఎన్నడును లేదు" అని యెవరు చెప్పుదురు? అందరును 5 అందురు. అపుడు ఇబ్రహీంపట్నపు వారందరును యోగీశ్వరులని కాగితము సాక్ష్యమిచ్చును.

మనుమరాలు మరియొక పని చేసినది. మూలము చూడని స్నేహితురాలి కొకతెకు నా తెలుగును మాత్రమిచ్చి, తిరిగి యింగ్లీషులోనికి మార్చుమనెను. నా వాక్యము "నేను మర్యాద తప్పక నడుచుకొందును" అను నర్థముతో తిరిగివచ్చినది! ఈ తిరుగుటపా పద్ధతి ఆమె కల్పించినది కాదు. కెనడా దేశమున డార్కస్ బీటన్ మొదలగువారు 2000వ సంవత్సరమున దీనికి నియమము లేర్పరచిరి. ఇరువురు వేరువేరుగా అనువదింపవలెను. రెండింటిని కలిపి యొకటి చేయవలెను. మూలము చూడని యిరువురు దానిని వెనుకకు మార్చవలెను. తెలిసినవారు కూర్చుండి తగవు తీర్పవలెను. ఆపైని 30 మొదలు 40 మందికి చదివి వినిపించి, వారికేమి బోధపడినదో అడుగవలెను. మేము వేపచెట్టు క్రింద చేసినది పరిశోధన కాదు. పరిశోధనకు ముందు చేయు ఇంటిపని మాత్రమే. ఆ వాక్యమును కొట్టివేసి, "నడుమో మెడో కాలో, ఎక్కడ బిగుసుకొన్నదో నాకు తెలుస్తది" అని వ్రాసితిని. గ్రంథభాషను ప్రేమించు నా చేతికి ఆ "తెలుస్తది" వ్రాయుట కష్టమే. కాని అవ్వ తల యూపినది.

శరీరమును నమ్ముట యను భాగము ఇంతకంటె చిక్కు. "నా ఒంటిని నేను నమ్ముకొన్నాను" అని చదివితిని. తంబూర పట్టి భజనకు పోవు ముసలాయన నవ్వి, "ఒళ్లును నమ్ముడేంది సారూ, అది నీటిబుగ్గ" అని సున్న వేయించెను. ఆయన ప్రక్కనున్న రాళ్లుకొట్టు పనివాడు, "నేను రెక్కలను నమ్ముకొనే బతుకుతున్న" అని 5 వేయించెను. ఇరువురికిని మోకాళ్లనొప్పి సమానమే. మూలములో అడిగినదో, శరీరము తనకు నెలవుగాను నిబ్బరముగాను తోచునా యని. ఒకరు వేదాంతము చెప్పిరి, ఒకరు జీవనోపాధి చెప్పిరి; అడిగినదానికి మాత్రము ఇరువురును చెప్పలేదు. తప్పు వారిది కాదు, నా వాక్యముది. "నా ఒంట్లో నాకు నిబ్బరముగ ఉంటది" అని మార్చి చూచితిని. ఇదియు సరియని ఇంకను చెప్పజాలను.

మొగము త్రిప్పుకొనకుండుటను గూర్చి చెప్పెదనంటిని గదా. నొప్పి ముదురువరకు పట్టించుకొనక పని సాగింతువా యని అక్కడ నడుగుదురు. సాగింతునన్నచో లెక్క తగ్గును. ఆ ప్రశ్న చదివినప్పుడెల్ల నాకు మా అక్కయ్య జ్ఞప్తికి వచ్చును. ఆమె నలువదియేండ్లు కలుపు తీసినది. మోకాలు వాచినను "ఏం లేదు తమ్మీ" యను మాటయే. నేలపై కూర్చున్నది లేవలేకపోయిన నాడు పట్టణములో నొక ఆసుపత్రికి తీసికొనిపోతిమి. చిన్నవయసు డాక్టరు ఫోటో చూచి, "ఇంత అరిగేదాక నీకు తెలియలేదా అమ్మా?" అని విసుగుకొనెను. ఆమె బదులు చెప్పలేదు. తిరిగివచ్చునపుడు బస్సులో నాతో, "తెల్వకేంది? జొన్నచేల మూడో సాలు దాటంగనే పట్టేది. పట్టిందని కూసుంటే కూలి ఎవడిస్తడు?" అనెను. నాకు దుఃఖము ఆగలేదు. తోడబుట్టినవాడనై యుండి నలువదియేండ్లలో ఒక్కమారైనను ఏ సాలులో పట్టునని నేనడుగలేదు.

ఇపుడు ఆలోచింపుడు. ఆ పత్రము ప్రకారము మా అక్కయ్య కేమి వచ్చును? గుర్తించుట యను భాగమున నిండుగా వచ్చును, మొగము త్రిప్పుకొనకుండుటలో సున్న వచ్చును. ఎనిమిది భాగములను కలిపి యొకే సంఖ్య చేసినచో ఆమె మధ్యరకపు మనిషిగా తేలును. ఆమె నిజము మాయమగును. భాగములను వేరువేరుగా చదువుట అందుకే. అంతేకాదు, ఆ ప్రశ్న మనస్సు అలవాటును గూర్చి యడుగుచున్నది. మా అక్కయ్య జవాబు పొయ్యిమీది కుండను గూర్చినది. ఈ రెంటిని విడదీయు ప్రశ్న మన కూలిజనమునకు ప్రత్యేకముగా కావలెనని నా యభిప్రాయము. మనుమరాలు దీనిని కాగితము అంచున వ్రాసికొన్నది.

జవాబుల మెట్లును అంత సులభము కావు. సున్న మొదలు 5 వరకు నుండు ఆరు మెట్లు చదువుకొన్నవారికి తెలియును. కాని యొక పెద్దమనిషి, "రూపాయిల పదణాలు" అని జవాబు చెప్పెను. అణాలు 1957లో దశాంశనాణెములు వచ్చినప్పటినుండియే వెనుకబడినను ఆయన లెక్కలో ఇంకను చెల్లుబాటే! వేరొకరు "పదహారణాల నిజం" అనిరి. అది మెట్టు కాదు, ప్రమాణము. చివరకు ఆరు గ్లాసులలో వేరువేరు మట్టమునకు నీరు పోసి చూపించితిమి. వెంటనే వ్రేలు పెట్టి చూపిరి.

నొప్పి మాటలకైతే మన భాషలో కరవు లేదు. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, గుంజుడు, పీకుడు, జివ్వుమనుట, చురుక్కుమనుట. కెనడాలోని మాంట్రియల్ నగరపు రోనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిమాటలు 78 ఏరి, 20 గుంపులుగా కూర్చి, మెగిల్ పేరిట ప్రశ్నపత్రముగా ప్రకటించెను. రోగి యేరుకొన్న మాటను బట్టి నొప్పి స్వభావమును ఊహింతురు. ఆ మాటలను నిఘంటువు చూచి తెలుగు చేసినచో చేతికి దొరకునది ఎవరును పలుకని తెలుగు. చేలోనికి పోయి వినవలసినదే.

ఇంతకును, పత్రము సరియైనదని యెట్లు తేలును? దీనికి మీకు తెలిసిన కుంచమునే చూపుదును. ఒక రాశిని నేడు కొలిచినచో పది కుంచములు వచ్చినది. ఎవరును ముట్టకున్నచో రేపును పదియే రావలెను. నొప్పిలో మార్పులేని మనిషికి వారము రెండువారముల తరువాత అవే ప్రశ్నలు వేసినచో జవాబులు దాదాపుగా కలియవలెను. ఇది నిలుకడ. ఒక భాగములోని ప్రశ్నలన్నియు కాడికి కట్టిన యెడ్లవలె ఒకే దిక్కునకు లాగవలెను. దీనిని లెక్కించు సూత్రమును అమెరికా పండితుడు లీ క్రోన్‌బాక్ 1951లో ప్రచారమునకు తెచ్చెను. ఆ లెక్క ఒకటికి దగ్గరైనకొలది మంచిది, 0.7 దాటవలెనని వాడుక. మొదటి మైయాలో మొగము త్రిప్పుకొనకుండుటకు 0.66, బెదరకుండుటకు 0.67 వచ్చినవి. ఎడ్లు కొంత పెడగా లాగినవి. ఆ భాగములకు మూడేసి ప్రశ్నలే యుండుటయు నొక కారణము.

అయితే నిలుకడ యొక్కటియే చాలదు. అడుగున మైనము పూసిన మానికను ఎరిగినవారు మీలో నుందురు. దానితో నూరుమారులు కొలిచినను ఒకే లెక్క వచ్చును. నూరుమారులును కొనువాడు మోసపోవును. ఇబ్రహీంపట్నమున అందరిచేతను 5 అనిపించు నా "ఒళ్ళు తెలియును" వాక్యము అట్టి మానికయే. నిలుకడ దానికున్నంత మరిదేనికిని లేదు! కావున కొలుచునది నిజముగా ఆ వస్తువునేనా యని వేరుగా చూడవలెను. నొప్పిని తలచి తలచి కొండంత చేసికొను స్వభావమును కొలుచుటకు మైకేల్ సల్లివన్ మొదలగువారి 13 ప్రశ్నల పత్రము 1995 నుండి కలదు. అందు ఎక్కువ వచ్చినవారికి మైయాలోని బెదరకుండుటలో తక్కువ రావలెను. రానిచో రెండింటిలో నొకటి మన భాషలో చెడినదన్నమాట. యోగము నేర్చినవారికిని నేర్వనివారికిని భేదము కనబడవలెను. వందలకొలది మంది ఓపికతో జవాబులిచ్చిననే గాని యిది తేలదు.

ఇచ్చట నొక హెచ్చరిక. నొప్పి యంతయు మనస్సులోనిదని చెప్పుటకు ఈ పత్రమును ఎవరైనను వాడబోయినచో ఒప్పుకొనకుడు. మన పొరుగు నల్గొండ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు ఎముకలకు పట్టి వెన్నులు కట్టెలుగా బిగిసిన వారిని మీలో ననేకులు చూచియే యుందురు. ఆ వ్యాధిని నెల్లూరు సీమలో వైద్యులు గుర్తించి 1937లోనే ప్రకటించిరి. అట్టివారికి ముందు కావలసినది మంచినీరు. ఒళ్ళు గమనించు నేర్పు తరువాతి మాట. నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయ సంఘము 1979 నాటి తన నిర్వచనమును 2020లో సవరించుచు, నొప్పి కలదని మనిషి చెప్పిన మాటను గౌరవింపవలెనని స్పష్టముగా వ్రాసినది. కోడలి నొప్పిని నటన యను అత్తలును, అత్త నొప్పిని సాకు అను కోడండ్రును ఆ వాక్యమును వినదగును.

గ్రామములవారు ప్రశ్నల కోర్చి జవాబిచ్చుట క్రొత్త కాదు. మహారాష్ట్రమున పూనా దగ్గరి భిగ్వాన్ గ్రామమున 1996లో ఇల్లిల్లు తిరిగి కీళ్లనొప్పుల లెక్క తీసిరి. మన రంగారెడ్డి జిల్లాలోనే జాతీయ పోషకాహార సంస్థవారు 1987 మొదలు 1990 వరకు 29 గ్రామములలో గర్భిణులకును పసిపిల్లలకును ఇచ్చు ఆహారముపై పరిశోధన జరిపి, ఆ పిల్లలు పెరిగిన తరువాతను వారిని పలుమారులు పరీక్షించిరి. కాని మనలో నొక దుర్గుణమున్నది. వచ్చినవారు చదువుకొన్నవారు, పాపము ఎండలో వచ్చినారు, వారిని నొప్పించుట యెందుకని, వారికేమి కావలెనో ఊహించి అదే చెప్పుదుము. అర్థము కాని ప్రశ్నకును తల యూపుదుము. మర్యాదకై చెప్పిన ఆ అబద్ధము కొలతను పాడుచేయును. "నాకు తెలియలేదు, మరల చెప్పు బిడ్డా" యనుట వారికి మీరు చేయు ఉపకారము. మా అవ్వ కోపపడకున్నచో నా తప్పు నాకు తెలిసియుండెడిది కాదు.

మా కాగితములో నింకను పదునొకండు వాక్యములు తెగలేదు. వచ్చు ఆదివారము మనుమరాలు మరల వచ్చును; వేపచెట్టు క్రింద చాప పరచియే యుండును. మీ యూరిలో సలుపునకును తీపునకును భేదమేమని చెప్పుదురో, నడుము బిగిసినదనుటకు మీ యింట నే మాట వాడుదురో ఒక కార్డుపై వ్రాసి ఈ రేడియో కేంద్రమునకు పంపినచో వారు నాకు చేర్చెదరు. ఊరి పేరు వ్రాయుట మరువకుడు. ఒక్కొక్క మాట పది క్రోసులలోనే అర్థము మార్చుకొనుచున్నది.